నాన్న తలకు సరిపోయిన టోపీ

మా తమ్ముడి గురించి చుట్టాల్లో ఒక మాట తిరుగుతోంది. అన్న ఊళ్ళు తిరిగి సంపాదించి తెచ్చిన టోపీని, నాన్న పోయిన పన్నెండో రోజున, అసూయకొద్దీ దానాల్లో కలిపి పంపేశాడని. ఆ మాట పుట్టించింది నేనే. పెళ్ళిళ్ళలో చెప్పాను, మెట్టకూరులో మా ఇంటి అరుగు మీద చెప్పాను, కాకినాడ బస్సులో పక్క సీటాయనకి కూడా చెప్పాను. అది నిజం కాదు. అసలు జరిగింది ఇక్కడ రాస్తున్నాను. నిజం తెలిశాక నా కోపం చల్లారిందని మాత్రం అనుకోవద్దు.

మా ఇంట్లో మగవాళ్ళకి తలలు పెద్దవి. నా పెళ్ళిలో బాసికం దారం చాలక పురోహితుడు ఇంకో దారం ముక్క అతికించాల్సి వచ్చింది. ఆడపెళ్ళివారు ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తు చేస్తారు. అందరిలోకీ పెద్ద తల నాన్నది. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. పిల్లలు ఆయన వెనక ఏమని పిలిచేవారో ఆయనకీ తెలుసు. బోర్డు మీద కుండ బొమ్మ గీసిన రోజు తనే ముందు నవ్వేసేవారు.

మా ఊరు ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో మా తాతగారు ఆఫీసు బంట్రోతు. బెండు టోపీ పెట్టుకుని ఆయన దిగిన ఫొటో మా ఇంట్లో ఉండేది. జీలుగు బెండుతో చేసి పైన గుడ్డ అంటించిన, దొరలు పెట్టుకునే రకం టోపీ. ఒక తుఫానులో ఇంట్లోకి నీళ్ళొచ్చి ఆ టోపీ నాని, ఉబ్బి, పొరలు పొరలుగా ఊడిపోయింది. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో "అలాంటిది మళ్ళీ దొరకదురా" అనేవారు. కథలు అలాగే ముగుస్తాయి. నేను దాన్ని ఆయన కోరిక అనుకున్నాను.

ఆయన రిటైరయ్యాక నుదుటి మీద మచ్చ ఒకటి లేచింది. డాక్టరు తీసేసి, ఎండ తగలనివ్వద్దన్నాడు. నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని గోదారి గట్టు మీద నడిచేవారు. ఆయనకి అది బాగానే ఉండేది. నాకే బాగా లేదు. తాతగారి లాంటి టోపీ నాన్న తల మీద చూడాలన్న పిచ్చి పట్టుకుంది.

ఆఫీసు పని మీద నేను తరచుగా పాండిచ్చేరి వెళ్ళేవాణ్ణి. అక్కడ పాత సామాన్లు అమ్మే కొట్లున్నాయి. గ్రామఫోన్లు, పింగాణీ కప్పులు, గోడ గడియారాలు, వాటి మధ్య టోపీలు. పని అయిపోగానే అక్కడికి పోయేవాణ్ణి. నాన్న నిద్రపోతుండగా ఆయన తల చుట్టూ పురికొస చుట్టి, కొలత దగ్గర ముడి వేసి, దాన్ని పర్సులో పెట్టుకున్నాను. ఏ టోపీ చూసినా లోపల ఆ పురికొస పెట్టి చూడటమే. అన్నీ చిన్నవే. ఒక కొట్టాయన, తమిళం సగం ఇంగ్లీషు సగంగా, కారణం చెప్పాడు. పెద్ద తలలవాళ్ళకి టోపీ దొరకడం అప్పుడూ కష్టమేనట. దొరికినదాన్ని వాళ్ళు చిరిగేదాకా వాడేస్తారు. సరిపోక పక్కన పడేసిన చిన్న టోపీలే ఇన్నాళ్ళు నిలిచి కొట్లకి వస్తాయట. నాకు ఆ మాట నచ్చలేదు గానీ, ఏ కొట్లో చూసినా నిజమే అనిపించింది.

ఫోన్లో కూడా వెతికాను. ఎవరో చాలా పెద్ద సైజని రాస్తే అంచున్న గట్టి ఉన్ని టోపీ ఒకటి తెప్పించాను. నాన్న తల మీద అది గుమ్మడికాయ మీద మూకుడులా కూర్చుంది. తమ్ముడు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. వాడి మీద నాకు మొదటిసారి కోపం అప్పుడే వచ్చింది.

చివరికి బెండు టోపీ దొరికింది. పాండిచ్చేరిలోనే, ఒక మేడ కింద కొట్లో, పాత పెట్టెలో. గుడ్డ పసుపు తిరిగింది కానీ చిరగలేదు. లోపల తోలు పట్టీ కూడా ఉంది. పురికొస పెట్టి చూశాను. వేలెడు వెడల్పు తక్కువ. ఆ సంగతి నాకు తెలుసు. వాడగా వాడగా చెప్పులు వదులవుతాయి కదా, ఇదీ అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. బెండు సాగదని గోదారి ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కొనేశాను.

ఇంట్లో అందరి ముందూ నాన్న దాన్ని రెండు చేతులతో తీసుకుని తల మీద పెట్టుకున్నారు. కాసేపు కదలకుండా నిలబడ్డారు. "సరిపోయిందిరా" అన్నారు. అమ్మ అద్దం తెచ్చింది. తమ్ముడు ఈసారి నవ్వలేదు. నేను ఫొటో తీశాను.

ఆ తర్వాత నేను ఫరంపేటలో తమ్ముడి ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నాన్న టోపీతోనే కనిపించేవారు. నేను మెట్టకూరులో వేరే ఉంటున్నాను. నాన్న, అమ్మ తమ్ముడి దగ్గరే ఉండేవారు. టోపీ వదులైందా అని అడిగితే, అలవాటైపోయిందనేవారు. ఊళ్ళో పెద్దలు ఆపి టోపీ సంగతి అడుగుతున్నారని, తాతగారిని చూసినట్టుందంటున్నారని చెప్పేవారు. నాకు అంతకంటే ఏం కావాలి? జీవితంలో నాన్నకి నేను చేసిన మంచి పని అదొక్కటే అన్నట్టు ఉండేవాణ్ణి.

నాన్న పోయారు. పెద్దకొడుకుని కాబట్టి కర్మ నేనే చేశాను. పన్నెండో రోజు దానాల్లో ఆయన వాడిన మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చేతికర్ర ఇవ్వాలి. అవన్నీ తమ్ముడే సర్దాడు. పంతులుగారు చెప్పినట్టల్లా నీళ్ళు వదిలి దానం ఇచ్చాను. సామాను రిక్షా ఎక్కి పోయింది. సాయంత్రం చుట్టాలకి చూపిద్దామని టోపీ కోసం వెతికితే లేదు. పరుపు చుట్టలో పెట్టి పంపేశానని తమ్ముడు చెప్పాడు.

"నాన్న వాడిన వస్తువే కదన్నయ్యా" అన్నాడు, నా మొహం చూడకుండా.

నా చేత్తో నేనే ధారపోశాను. ఇచ్చిన దానం వెనక్కి అడగకూడదు. పంతులుగారి ఇంటి వీధి మొదటిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. నన్ను మోసం చెయ్యడానికి నా చేతినే వాడుకున్నాడని అప్పుడనిపించింది. ఆ మాటే నలుగురికీ చెప్పాను. దాయాదులకి మంచి కాలక్షేపం దొరికింది. దానం చేయించి అన్నకే టోపీ పెట్టాడని తమ్ముడి మొహం మీదే అనేవారు. వాడు విస్తట్లోకి చూస్తూ తినేవాడు. నేనూ వాడితో మాటలు మానేశాను. అమ్మని చూడటానికి వాడు ఇంట్లో లేని వేళకే వెళ్ళేవాణ్ణి.

కిందటేడు ఎండాకాలం దరియాలతిప్పలో తెలిసినాయన రొయ్యల చెరువు దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద కాపలా మనిషి నడిచి వస్తున్నాడు. తల మీద ఆ టోపీ. ఎక్కడిదని అడిగాను.

"ఆయ్, పంతులుగారిచ్చారండి. ఎండకి పనికొస్తాదని. కాస్త వదులేనండి, లోపల పేపరు మడిచి పెట్టుకున్నాను."

పేపరు పెట్టేంత వదులేమిటి? ఒకసారి ఇమ్మన్నాను. తిరగేసి చూశాను. లోపల తోలు పట్టీ లేదు. దాని బదులు గుడ్డ పట్టీ కుట్టి ఉంది. ఆ గుడ్డ మా అమ్మ ఆకుపచ్చ చీర అంచు. ఆ కుట్టు కూడా అమ్మదే. చిన్నప్పుడు మా నిక్కర్లన్నీ ఆ వంకర కుట్టుతోనే బతికాయి. పట్టీ కింద వేలు పెట్టి తడిమాను. రెండు కణతల దగ్గరా బెండు చెక్కేసి ఉంది. వెనక చీలిక ఇచ్చి, మధ్యలో ముక్క అతికించారు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

టోపీ అతనికి ఇచ్చేసి నేరుగా ఫరంపేట వెళ్ళాను. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. చూసింది చెప్పాను. ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అమ్మే చెప్పింది. మొదటివారం ఆ టోపీ పెట్టుకుని నడిచి వచ్చేసరికి నాన్నకి కణతలు పోట్లెత్తేవట. నుదుటి మచ్చ తీసిన చోట తోలు పట్టీ ఒరుసుకుని పుండయ్యింది. డాక్టరు దగ్గరికి తమ్ముడే తీసుకెళ్ళాడు. తర్వాత తండ్రీ కొడుకులిద్దరూ కూర్చుని కొంచెం కొంచెంగా చెక్కారు, అమ్మ కుట్టింది, మళ్ళీ బిగుతని చెక్కారు. అంత చేసినా నాన్న గట్టు మీదికి తువ్వాలుతోనే వెళ్ళేవారట. నేను వస్తున్నానని ఫోను రాగానే టోపీ అటక మీంచి దిగేది. తాతగారిని చూసినట్టుందన్న పెద్దలెవరూ లేరు.

"ఆయన పోయేముందు చెప్పారు. అది పెద్దోడి కంట పడనివ్వొద్దు, లోపల చూస్తే బాధపడతాడని" అంది అమ్మ.

నేను తమ్ముడి వైపు తిరిగాను. ఇన్నేళ్ళు అన్ని మాటలు పడి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాన్నకి మాటిచ్చాను" అన్నాడు. "అయినా అప్పుడే చెప్పుంటే నువ్వేం చేసేవాడివన్నయ్యా? ఇంకోటి వెతికేవాడివి."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది. వాడు నవ్వలేదు.

నిజమే. ఇంకోటి వెతికేవాణ్ణి. ఆ పురికొస ఇప్పటికీ నా పర్సులో ఉంది. కానీ ఒకటి అడగాలనిపిస్తుంది. కొడుకుతో బిగుతుగా ఉందిరా అని ఒక్క మాట చెప్పలేనంత పరాయివాణ్ణి ఎప్పుడయ్యాను? ముగ్గురు కలిసి ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి నా కోసం నాటకం ఆడారు. వాళ్ళు ముగ్గురూ ఒక జట్టు, నేను చూడ్డానికి వచ్చినవాణ్ణి. తమ్ముడు చేశాడనుకున్న ద్రోహాన్ని నేను మొయ్యగలిగాను. వాడి మీద అరిచాను, పదిమందికి చెప్పుకున్నాను. నాన్న చేసినదాన్ని ఎవరికని చెప్పుకోను? ప్రేమతో చేశారంటారు. నాకూ తెలుసు. వేలెడు తక్కువని తెలిసీ కొన్నవాణ్ణి, నాకు అడిగే హక్కు లేదని కూడా తెలుసు.

మొన్న మా బాబాయి మనవరాలి ఓణీల ఫంక్షన్లో, భోజనాల బంతిలో, ఒక దాయాది మళ్ళీ టోపీ ఊసెత్తాడు. నేను లేచి, అది వాడి తప్పు కాదని, జరిగిందంతా చెప్పాను. చీర అంచు దాకా చెప్పాను. అందరూ విన్నారు. చివర్లో ఆ దాయాది తమ్ముడి భుజం తట్టి, "ఏం మందు పెట్టావురా మీ అన్నకి, ప్లేటు మార్చేశాడు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది.

నేను ఇంకేదో చెప్పబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "పులుసు చల్లారిపోతుంది, తిను" అన్నాడు. వాడి పక్కన కూర్చుని తినడం నాన్న పోయాక అదే మొదలు. వాడు నా విస్తట్లోకి చూడలేదు, నేను వాడి మొహంలోకి చూడలేదు. ఆ బంతిలో ఎవరూ నమ్మలేదు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.