పెద్దత్త క్షమాపణ చెబుతుందా?

టీవీ సీరియల్లోని మొండి పెద్దత్త మీద సొంతంగా కథలల్లి ఇక్కడ పెడుతుంటాను కదా. నిన్నటి కథలో ఆవిడ దోహాలో ఉన్న మేనకోడలికి ఫోన్ చేసి, "తప్పు నాదే, క్షమించు" అని ఏడ్చింది. రాస్తూ నేనూ ఏడ్చాను. ఈ ఉదయం పక్క ఫ్లాట్ షాహీన్, నిజామాబాద్ అమ్మాయి, తలుపు తీయగానే నిలదీసింది.

"ఏందక్కా గిది? పెద్దత్త ఎన్నడన్న తప్పయిందంటదా? మా ఆపా కొట్లాడి రెండేండ్లు నాతోని మాట్లాడలే. మొన్న మా ఊరికెల్లి ఎవరో ఇటు వస్తుంటే సీసల మామిడికాయ తొక్కు పంపింది. గంతే, చిట్టి గూడ లేదు."

"మరి మీ అక్కకి నువ్వు ఫోన్ చేశావా?"

"ఎందుకక్కా? తొక్కు రోజూ తింటున్న గద!" అని నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె వెళ్ళాక ఆ ఫోను, ఆ ఏడుపు అంతా కొట్టేసి, పెద్దత్త చేత దోహాకి ఒక సీసా పచ్చడి పంపించాను. ఇంత సాహిత్యం చదివి, పెద్దత్త నోట్లో నా మాటలు పెట్టాను! అయినా నాకొక సందేహం తీరలేదు. పచ్చడి అందుకున్న మేనకోడలు ఊరికే తింటే చాలా, ఒక్కసారి ఫోన్ చేయొద్దూ? పెద్దత్తని ఎరిగినవాళ్ళు కాస్త ఆలోచించి చెప్పండి. మీ కామెంట్లు షాహీన్ కూడా చదువుతుంది.