నర్సు పంపిన మెసేజ్

దవాఖానాల్లో టీకాల ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. నాకు వచ్చే మెసేజ్‌లలో చాలావరకు "పనిచేస్తలేదు, జల్దీ రా" అని మాత్రమే ఉంటుంది. దుమ్ముగూడెం దగ్గరి ఊరి నర్సు ఒకసారి ఇలా రాసింది: "నిన్న ఉరుములప్పుడు కరెంటు పోయి వచ్చింది. అప్పటి నుంచి స్టెబిలైజర్ లైటు వెలుగుతలేదు, ఫ్రిజ్ నడుస్తలేదు. వేరే ప్లగ్గులో పెట్టి చూసిన, గట్లనే ఉంది. టీకాలు ఐస్ పెట్టెలోకి మార్చిన." ఫొటో కూడా పెట్టింది.

స్టెబిలైజరే పోయిందని అర్థమై, నేనుండే భద్రాచలం నుంచే కొత్తది పట్టుకెళ్లాను. బిగించగానే ఫ్రిజ్ నడిచింది. టీకా ఒక్కటీ పాడుకాలేదు.

"ఇంత వివరంగ ఎట్ల రాసిండ్రు సిస్టర్?" అనడిగాను.

"జ్వరమని వచ్చినోళ్లను ఎప్పటి నుంచి, ఏం గోలీ ఏసుకున్నవ్ అని అడుగుత గద సార్. ఫ్రిజ్ సంగతి గూడ గట్లనే రాసిన" అని నవ్వింది.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా నేనూ ముందు ఎప్పటి నుంచి, ఏం చేసి చూసిండ్రు అనే అడుగుతున్నాను.