‘పొలంలోకి దిగారా?’ అంటే లేదన్నాను

ఎనిమిదో తరగతి సగంలో వదిలేసినవాణ్ణి. అందుకని నేను మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఒక్కటీ లేదని మావాళ్ళు అంటూ ఉంటారు. అది అబద్ధం. ఒక ట్రయల్ రన్ పూర్తి చేశాను. ఆఖరి నుంచి రెండోవాణ్ణి. నా వెనక వచ్చినాయన దారిలో ఆగి ఇడ్లీ తిని, కాఫీ తాగి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ పరుగు అయిన కొద్ది రోజులకి, ఒక ఉదయం గవర్నర్‌పేటలో మా ఎలక్ట్రికల్ కొట్టు షట్టర్ ఎత్తబోయి ఎత్తలేకపోయాను. వంగితే పిక్కల్ని ఎవరో తడిబట్టలు పిండినట్టు పిండుతున్నారు. వణుకు, తలపోటు. పక్క కొట్టు ఆయన నా మొహంలోకి చూసి, “కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేంటండీ, గట్టిగానే పట్టించారా?” అన్నాడు. నేను మందు మానేసి చాలా కాలమైంది. అదీ ఈ పరుగుల కోసమే. తాగినా బాగుండేది అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ట్రయల్ రన్ అంటే తెలియనివారికి చెబుతాను. శుభ్రమైన తారురోడ్డు ఉండగా దాన్ని వదిలేసి కొండల్లో, గట్ల మీద, బురదలో పరిగెత్తడం. షుగర్ బోర్డర్‌లో ఉందన్నప్పుడు నన్ను ఇందులోకి దింపింది గుణదలలో ఉండే ప్రసాదన్న. బ్యాంకు ఉద్యోగి, నాకంటే పెద్దవాడు, నాకంటే సన్నం. ఆయన చెప్పినవన్నీ కొన్నాను. బూట్లకి అడుగున ట్రాక్టర్ టైరులాంటి పళ్ళు, పక్కల చిన్న చిన్న కన్నాలు. లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోవడానికట. అవే కన్నాల్లోంచి బయటి నీళ్ళు లోపలికి కూడా వస్తాయని అమ్మేవాడు ఎక్కడా రాయలేదు. వీపుకి తగిలించుకునే చొక్కాలాంటి సంచి, దాని జేబులో మెత్తటి నీళ్ళ సీసా. సీసాకి చంటిపిల్లల పాలపీకలాంటిది ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పరిగెత్తాలి. నలభై దాటిన మగవాడికి అది ఏం అందమో మీరే చెప్పండి.

మేము పరిగెత్తింది డెల్టాలో, నాట్ల కాలంలో. ముందు రోజు వాన. మళ్ళన్నీ దమ్ము చేసి నీళ్ళు పెట్టి ఉన్నాయి. మేము సన్నటి గట్ల మీద వరసగా పోతుంటే ఒక రైతు పార ఆపి అడిగాడు.

“ఎవరండీ తరుముతోంది?”

“ఎవరూ లేరండీ.”

“మరి ఎందుకండీ?”

దానికేం చెప్పాలా అని ఆలోచిస్తూ పోతుంటే గట్టులోని ఎలుక బొక్కలో కాలు దిగబడింది, నేను మడిలో బోర్లా పడ్డాను. నోట్లో, ముక్కులో బురద. లేచి సీసా పీకని చొక్కాకి తుడుచుకున్నాను. ఆ చొక్కా కూడా బురదే. అలాగే చప్పరించాను. ఈ వాక్యం రాసి, లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చాను.

చివరికి చేరేసరికి రెండు కాళ్ళూ బొబ్బలు, చితికి రసి కారుతున్నాయి. బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఊగుతున్నాయి. ప్రసాదన్న వాటిని ఫొటో తీసి “ఇవి మనకి మెడల్స్” అని మా పరుగుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నూటికి నూరుమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. తడి బూట్లని ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి బండి డిక్కీలో పడేశాను. రెండు రోజుల తర్వాత తీసి, ఆ కంపులోనే, ఆ తడిలోనే, అవే పుళ్ళ కాళ్ళు పెట్టి మళ్ళీ పరిగెత్తాను. పంది కూడా ఒకసారి బురదలోంచి వచ్చాక కాసేపు ఎండలో పడుకుంటుంది.

జ్వరం వచ్చాక వీధి చివర డాక్టర్ గారు “వైరల్ ఫీవర్ అయి ఉంటుంది, చూద్దాం” అన్నారు. పిక్కల నొప్పి పరుగు వల్లే అనుకున్నాను కాబట్టి ఆయనకి చెప్పనే లేదు. నొప్పి మాత్రలు నా అంతట నేనే వేసుకున్నాను. అవి కిడ్నీలకి పడవని తర్వాత తెలిసింది. జ్వరం తగ్గలేదు. కళ్ళల్లో ఎరుపు పోయి పసుపు వచ్చింది.

పసుపు కనపడితే మా వైపు ఇంక టెస్టులూ డాక్టర్లూ ఉండరు. చూసిన ప్రతివాడూ “కామెర్లు” అంటాడు, పసరు ఎక్కడ పోస్తారో చెబుతాడు. మా అత్తగారు పామర్రు వైపు నుంచి పసరు సీసాతోనే బస్సు దిగింది.

“కామెర్లకి ఇంగ్లీషు మందు పనికిరాదు బాబూ. ఉప్పు లేకుండా, నూనె లేకుండా పథ్యం చెయ్యండి. దిగిపోద్ది.”

“అత్తయ్యగారూ, వాసన చూస్తేనే దిగిపోయేలా ఉంది, ప్రాణం.”

“మాటలు తర్వాత. నోరు తెరవండి.”

ఆ పసరు వాసన పశువుల కొట్టంలో ఆకులు కుళ్ళినట్టు ఉంది. నా భార్య నాగమణి తల పట్టుకుంది, మా బావమరిది చేతులు పట్టుకున్నాడు, అత్తగారు పోసింది. సగం లోపలికి, సగం దుప్పటి మీదికి. ఆకుపచ్చ వాంతి మీద పసుపు చెమట. ఆ దిండు గలీబు ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదని చివరికి పారేశారు. చప్పిడి అన్నం కంచం అలాగే పక్కకి నెట్టేసేవాణ్ణి. నా నోటి వాసన నాకే భరించరానిదిగా ఉండేది, తుప్పు పట్టిన ఇనుము నాకినట్టు.

పసరు మొదలుపెట్టిన నాలుగో రోజు కాబోలు, నాగమణి గమనించింది. “ఏవండీ, నిన్నటి నుంచి మీరు బాత్రూమ్‌కే వెళ్ళలేదు.” బలవంతాన వెళ్ళాను. నల్లటి టీ డికాక్షన్ లాంటివి నాలుగు చుక్కలు. అది విన్నాక ఆమె వాళ్ళ అమ్మని కూడా అడగలేదు. ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. వరసగా అడిగాడు.

“పొలం పనులు చేస్తారా? ఈమధ్య పొలంలోకి దిగారా?”

“లేదు సార్. మాది వ్యాపారం.”

“పశువులున్నాయా?”

“కొట్లో ఫ్యాన్లు, వైర్లు ఉన్నాయండీ.”

నేను అబద్ధం చెప్పలేదు. పొలంలోకి దిగడమంటే మా వైపు నాటు వెయ్యడం, కలుపు తియ్యడం. మా నాన్న ఉన్న పొలం అమ్మి కొట్టు పెట్టిందే మేము ఆ బురదలోకి దిగకూడదని. నేను చేసింది ట్రయల్ రన్. దానికి ఫీజు కడితే టీషర్టు ఇస్తారు, మెడల్ ఇస్తారు. అది పొలమని నా బుర్రకి తట్టనే లేదు.

ఆ ఒక్క ‘లేదు’తో వాళ్ళు వేరే దారిలో వెతికారు. డెంగీ నెగెటివ్. హెపటైటిస్ నెగెటివ్. స్కాన్ చేస్తే లివర్‌లో కొంపలంటుకునేదేమీ లేదు. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ పెరిగిపోతోంది. మర్నాడు కిడ్నీల డాక్టర్, నెఫ్రాలజిస్ట్ మేడమ్ వచ్చారు. మాట తక్కువ మనిషి. నా పిక్క మీద వేలితో నొక్కారు. వార్డంతా తిరిగి చూసేలా అరిచాను. ఆవిడ దుప్పటి పైకెత్తి కాళ్ళు చూశారు. గోళ్ళు ఊడిన వేళ్ళు, మానని పుళ్ళు.

“ఏంటీ కాళ్ళు?”

“ట్రయల్ రన్ మేడమ్.”

“అంటే?”

“గట్ల మీద పరిగెత్తడం.”

“ఏ గట్లు?”

“పొలం గట్లు.”

“పొలంలోకి దిగలేదని కేస్ షీట్‌లో ఉంది?”

“దిగలేదు మేడమ్. పడ్డాను.”

వార్డులో నర్సులు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “లెప్టోస్పైరోసిస్ అనుకుంటున్నాను. ఐజీఎమ్ టెస్టుకి రక్తం పంపండి, రిపోర్టు కోసం ఆగొద్దు, ఇంజెక్షన్ మొదలుపెట్టండి” అని నర్సుకి చెప్పి, నా వైపు తిరిగారు. “ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తుంది. పుళ్ళలోంచి, నోట్లోంచి లోపలికి పోతుంది. కామెర్లన్నది జబ్బు పేరు కాదండీ. జబ్బు బయటికి కనపడే రంగు.”

నాకు రంగు సంగతి వినపడలేదు. ఎలుకల మూత్రం దగ్గరే ఆగిపోయాను. పాలపీక గుర్తొచ్చింది. మంచం పక్కనున్న బేసిన్ అందుకునేలోపే వాంతి అయింది.

నాగమణి ఆవిడ వెనకే కారిడార్‌లోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

“కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయా మేడమ్?”

“ఈ జబ్బులో మామూలుగా తిరిగి వస్తాయమ్మా. కాని మీరు ఆలస్యంగా తెచ్చారు. ఇప్పటికైతే డయాలసిస్ తప్పదు. నేను మాట ఇవ్వలేను.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే ప్రశ్న. ఇది కొన్నాళ్ళ డయాలసిసా, జీవితాంతమా. మెడలో పైపు పెట్టారు. నా రక్తం నా కళ్ళముందే పైపుల్లో తిరిగి వస్తుంటే చూడలేక గోడవైపు తిరిగేవాణ్ణి. రెండోసారి అయ్యాక కాస్త నయమనుకుంటే దగ్గు మొదలైంది. కళ్ళెలో రక్తం. ఊపిరితిత్తులకి కూడా పాకిందన్నారు. ఐసీయూలో ఆక్సిజన్ మాస్కు. దాని లోపల నా ఊపిరి కంపు నేనే పీలుస్తూ పడుకున్నాను. ఒళ్ళంతా దురద, గోక్కుంటే గోళ్ళల్లో పసుపు పొట్టు. జోకులు వెయ్యడం మానేశాను. నాగమణి భయపడింది అప్పుడేనట.

ప్రసాదన్న చూడ్డానికి వచ్చి, ధైర్యం చెప్పబోయి, “నువ్వు ఫైటర్‌వి తమ్ముడూ, ఫినిష్ లైన్ దగ్గర్లోనే ఉంది” అన్నాడు. మాస్కు ఉండబట్టి బతికిపోయాడు. మెడల్స్ అంటూ పెట్టిన నా కాళ్ళ ఫొటో తీసెయ్యమని సైగ చేశాను. పాపం, అక్కడే తీసేశాడు.

దగ్గులో రక్తం తగ్గింది. ఆయాసం తగ్గి వార్డుకి మార్చారు. మూత్రం మాత్రం రాలేదు. నాగమణి ప్లాస్టిక్ క్యాన్ పట్టుకుని గీతలు చూస్తూ కూర్చునేది. పాల కేంద్రంలో కూడా అంత శ్రద్ధగా కొలవరు. ఒక మధ్యాహ్నం క్యాన్ సగం దాకా వచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తూ అరిచింది.

“పోశారే అమ్మా! పోశారు!”

పక్క మంచాల వాళ్ళంతా నన్ను చూశారు. పరుగులో గీత దాటినప్పుడు కూడా నన్ను అంతమంది చూడలేదు. మేడమ్ ఆ సాయంత్రం క్యాన్ చూసి, “ఇక రోజూ పెరుగుతుంది. నీళ్ళు తాగండి. రేపటి డయాలసిస్ ఆపుతున్నాను, క్రియాటినిన్ బట్టి చూద్దాం” అన్నారు. మళ్ళీ పెట్టాల్సిన పని రాలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. క్రియాటినిన్ నార్మల్. బరువు తిరిగి వచ్చింది, గోళ్ళు వంకరగా అయినా వచ్చాయి. పొద్దున్నే పరిగెత్తుతాను, తారురోడ్డు మీద, రోడ్డు పక్క నీటిగుంట కనపడితే అవతలి పక్కకి దాటి. ఆ బూట్లు పారేశాను. బురద పరుగుల ఫొటోలు చూస్తే ఇప్పటికీ నా నోట్లో తుప్పు రుచి వస్తుంది. అందరినీ మానెయ్యమని చెప్పను. నాకు అసహ్యం, అంతే.

చెప్పేది ఒక్కటే. బురద నీళ్ళలో దిగిన తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెరుపు వస్తే, డాక్టర్ అడిగే దాకా ఆగకండి. అడిగినదానికే సమాధానం చెప్పి ఊరుకోకండి. రన్ అనకండి, ఈవెంట్ అనకండి. “బురద నీళ్ళలో దిగాను, కాళ్ళకి పుళ్ళున్నాయి” అని తెలుగులో చెప్పండి. ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే నా మెడకి పైపు పడేది కాదేమో.

మా అత్తగారు ఆ తర్వాత కొన్నాళ్ళు నా మొహం చూడలేకపోయింది. పసరు మాట ఎవరెత్తినా వంటింట్లోకి పోయేది. మొన్న భోజనాల దగ్గర ఆ బిగువు పోగొడదామని నేనే కెలికాను.

“అత్తయ్యగారూ, ఎలుక సగంలో వదిలేసిన పని మీరు పూర్తి చెయ్యబోయారు కదూ!”

ఆవిడ నా కంచంలో పప్పు వడ్డిస్తూ, తల ఎత్తకుండానే అంది.

“నా పసరు మింగించడానికి ముగ్గురం పట్టుకోవాల్సొచ్చింది బాబూ. ఆ ఎలుక ఉచ్చ మాత్రం ఎవరూ పట్టుకోకుండానే, ఎదురు డబ్బులిచ్చి మరీ తాగొచ్చారు.”