బెల్లు లేని మడత సైకిలు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో కనబడ్డ చుంచెలక వీధిలోకొచ్చేసరికి పందికొక్కు అవుతుంది, ఆఫీసు చేరేసరికి పక్కింటి పిల్లిని నోట కరుచుకుపోతుంది. కాబట్టి మీకు తోచినంత తగ్గించి చదువుకోండి. ఏది కల్పించానో ఆఖర్న నేనే ఒప్పుకుంటాను.

మాది ఏలూరు పక్క వట్లూరు. ఉద్యోగం తాడేపల్లిగూడేనికి మారింది. పొద్దున్నే ప్యాసింజరెక్కి వెళ్ళడం సుఖమే. స్టేషన్లో దిగి ఆఫీసు చేరడమే కాశీయాత్ర. నేనెక్కితే ఇంకెవరికీ చోటుండదని షేర్ ఆటోవాళ్ళు నన్ను చూడగానే స్పీడు పెంచేవారు.

"మడత సైకిలు కొనుక్కోండి. రైల్లో కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు, పొట్టా తగ్గుతుంది" అంది మా ఆవిడ. రెండో మాట కోసమే మొదటి మాట చెప్పిందని నా అనుమానం.

ఏలూరులో ఒక షాపుకి వెళ్ళాను. చక్రాలు అప్పడాలంత ఉన్నాయి.

"ఎక్కండి సార్, ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు షాపాయన.

నన్ను చూశాకే ఆయనకి ఏనుగు గుర్తొచ్చిందని గ్రహించి కూడా ఎక్కాను. అది నాతో సహా మడత పడింది. నన్ను విప్పడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

ఆ సంగతి విని మా ఆఫీసులో ఒకాయన, కొల్లేటి చెరువుల మీద కాపలా మనిషి వాడిన పాతది ఉందనీ, ఆయన పోయాడనీ, భార్య అమ్మేస్తోందనీ చెప్పాడు.

ఆదివారం పొద్దున్న స్కూటరు మీద గుండుగొలను దాటి కొల్లేరు వైపు మళ్ళాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే, హ్యాండిలు మీద నా వేళ్ళు నాకే పరాయివాళ్ళ వేళ్ళలా కనిపించాయి. దారికి రెండు పక్కలా చేపల చెరువులు. కొంగలు వాలకుండా నీళ్ళ మీద కట్టిన దారాలకు పాత క్యాసెట్ టేపులు వేలాడుతున్నాయి. మామూలుగా అవి గాలికి జుయ్యిమంటూ ఉంటాయి. ఆ పొద్దున్న ఒక్కటీ కదల్లేదు.

గట్టు మీద పాక. దాని ముందు నడివయసు ఆవిడ నీళ్ళవైపు తిరిగి, స్టీలు పళ్ళాన్ని గరిటెతో వాయిస్తూ, మగగొంతు పెట్టి అరుస్తోంది. "హోయ్! రండ్రా! హోయ్!"

"ఎవర్ని పిలుస్తున్నారమ్మా?"

"చేపల్నండీ" అంది మామూలు గొంతుతో. "మా ఆయన సైకిలు మీద గట్టంతా తిరిగి కేకేస్తే మేతకి వచ్చేసేవండీ. ఆయన పోయాక రావట్లేదు. ఆయన గొంతు పెట్టి చూస్తున్నానండీ."

నీళ్ళలో పాతిన వెదుళ్ళకు చిల్లులు పొడిచిన మేత సంచులు కట్టి ఉన్నాయి. తినే నోరు లేక తవుడు కుళ్ళి వాసనేస్తోంది.

"ఈ నెలాఖరులోగా చేపలు మేతకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారండీ చెరువు వాళ్ళు. పాక కూడా ఖాళీ చెయ్యాలి. సైకిలు లోపలుందండీ, చూసుకోండి. ఆయన పోయాక ఎవరమూ ముట్టుకోలేదు."

లోపలికెళ్ళి సైకిలు మీద కప్పిన బరకం పట్టా తీశాను. నల్లటి సైకిలు, గట్టి కీలు, హ్యాండిలుకి ఇత్తడి బెల్లు. దీన్ని మడిచి దోనెలో వేసుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటేవాడట ఆయన. బయటికి తెచ్చాను. సీటు పొడుగు మనిషికి సరిపోయేలా ఉంది. దించి బిగించాను. టైర్లు నొక్కి చూసి లేచేసరికి మళ్ళీ పైకి ఉన్నట్టనిపించింది. అనిపించింది అంటున్నాను, గమనించండి.

ఇక మడత చూడాలి. వంగాను. కళ్ళెదురుగా బెల్లు. చేతి దురద ఊరుకుంటుందా? బొటనవేలితో ఒక్కసారి కొట్టాను.

ట్రింగ్.

ముందు అవతలి గట్టు దగ్గర, గుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడు. తర్వాత చెరువు మీద ఒక ముడత లేచి మంచులోంచి మావైపు రాసాగింది. నా కాళ్ళ ముందు నీళ్ళన్నీ నోళ్ళయ్యాయి. తెల్లగా, గుండ్రంగా, తెరుచుకుంటూ మూసుకుంటూ. వెయ్యి నోళ్ళనుకోండి, పదివేలనుకోండి, ఒక్కదానికీ మాట లేదు. సైకిలు పట్టుకుని పక్కకి జరిగాను. నోళ్ళూ జరిగాయి.

ఆవిడ చేతిలో పళ్ళెం జారిపోయింది.

"ఎవరండీ కొట్టిందీ?"

"నేనేనమ్మా."

ఆవిడ నన్ను కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నాకు తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. అంతలో తేరుకుని గదమాయించింది. "అలా నిలబడతారేంటండీ! పిలిచాక పెట్టకుండా పంపకూడదు. ఒట్టి పిలుపు పిలిస్తే రేపు రావండీ! ఆ తవుడు బస్తా అందుకోండి!"

ఫైలు జరపడానికే బద్ధకించే నా చేతులు ఇస్త్రీ చొక్కా మాసిపోతున్నా తవుడు ఎత్తి పోశాయి. నోళ్ళన్నీ నీళ్ళలోకి దిగిపోయేదాకా పోశాం. నీళ్ళు సర్దుకున్నాయి.

"ఇన్నాళ్ళూ కేకకి వస్తున్నాయనుకున్నానండీ" అంది ఆవిడ గట్టు మీద కూలబడి. "బెల్లుకటండీ." తర్వాత సైకిలు వైపు చూసి, "సైకిలు పట్టుకెళ్ళండి. బెల్లు మాత్రం..." అని ఆపేసింది.

విప్పేసి పాక గుంజకి నేనే బిగించాను. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది, మోగించలేదు. "సాయంత్రం మేతకి కొడతానండీ" అంది.

ఇప్పుడు ఆ సైకిలు ముడుచుకున్న కుక్కపిల్లలా రోజూ రైల్లో నా కాళ్ళ మధ్య కూర్చుంటోంది. చేపలు మేతకి వస్తున్నాయనీ, పాక ఖాళీ చెయ్యక్కర్లేదన్నారనీ ఆఫీసులో ఆయన చెప్పాడు. కొత్త బెల్లు పెట్టించుకోమని మా ఆవిడ పోరుతోంది. నేను మాత్రం గూడెం బజార్లో "ఏవండీ, జరగండీ" అని అరుచుకుంటూనే పోతున్నాను.

ఇక ఒప్పుకోలు. షాపులో మడత పడ్డది నిజం. సీటు సంగతి నా కళ్ళ మీదికి తోసేయండి. నోళ్ళ లెక్క మీ ఇష్టం. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, బెల్లు నేను కొట్టాననడం. ఆ సైకిలు మడవాలంటే ఒక చేత్తో సీటూ ఒక చేత్తో కీలూ పట్టుకోవాలి. ట్రింగుమన్నప్పుడు నా రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. ఎవరు కొట్టారని ఆవిడ అడిగింది. ఆ గట్టు మీద రాత్రుళ్ళు ఒంటరిగా పడుకునే మనిషికి ఇంకేం చెప్పమంటారు?