అమ్మ క-భాష

నానక్‌రామ్‌గూడ ఆఫీసులో నా పని, ఆసుపత్రులు పంచుకునే రోగుల వివరాలను ఎన్‌క్రిప్ట్ చేయడం. అంటే తాళంచెవి ఉన్నవాళ్ళు తప్ప మరొకరు చదవలేకుండా మార్చడం.

మణికొండ ఇంట్లో మా అమ్మ జయలక్ష్మికి అంత హంగామా అక్కర్లేదు. ఒంట్లో బాగోలేకపోతే నాకు చచ్చినా చెప్పదు. నా పక్కనే కూర్చుని పిన్నికి ఫోన్ చేసి, ప్రతి అక్షరం ముందూ 'క' తగిలించి మాట్లాడుతుంది.

"కషుకగర్ కపెకరికగింకది."

షుగర్ పెరిగిందట! ఈ క-భాష నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఒళ్ళు మండినా, ఏమీ ఎరగనట్టు కాఫీలో పంచదార తగ్గిస్తాను. అమ్మ కూడా ఏమీ ఎరగనట్టే తాగుతుంది.

మొన్న పిన్ని వస్తే క-భాషలోనే పలకరించాను. తెల్లబోయింది.

"నాకా భాష రాదే అమ్మాయ్! మీ అమ్మ ఏదో అంటుంది, నేను ఊఁ కొడతాను."

వంటింట్లో అమ్మ గబుక్కున మిక్సీ వేసింది.