జంపఖానా కప్పి విన్న పాట

మొన్న ఆదివారం పొద్దున మా బావ ఫోన్ చేసి, డ్యాక్ వచ్చింది, వచ్చి విని పొమ్మన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. మన ఈడువాళ్లకు ఆ మాట కొత్త కావచ్చు. ఫోన్లలో, కంప్యూటర్లలో పాట అంకెల రూపంలో దాగి ఉంటుంది, ఆ అంకెలను స్పీకర్ పలకగల విద్యుత్తు అలలుగా మార్చే పనిముట్టు డ్యాక్. ఆ పని ప్రతి కంప్యూటర్ లోపలా జరుగుతూనే ఉంటుంది కానీ, అందుకోసమే వేరుగా చేసిన పెట్టె దాన్ని మరింత శుభ్రంగా చేస్తుందని కొన్నవాళ్లు అంటారు. కొననివాళ్లు ఏమంటారో నన్నడగండి.

ఈ కడుపుమంట నిన్న మొన్నటిది కాదు. మా మేనమామ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఆయన కొడుకే ఈ బావ, తర్వాత మా అక్కను పెళ్లి చేసుకున్నాడు. మగ్గాలున్న ఇంటి చప్పుడు విన్నవాళ్లకే తెలుసు. పోగు బిగియడానికి పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టే దెబ్బలకు పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడేది కాదు. ఆ మోతలోనే గోడగూట్లో ఒక రేడియో రోజంతా పాడుతుండేది, దాని కిందే కూర్చునే మామయ్యకు తప్ప ఎవరికీ వినిపించేది కాదు. ఏదైనా మంచి పాట మొదలైతే ఆయన పంజా పక్కన పెట్టి, నోరు తెరవకుండా కుడిచెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి చూసి ఈ మగ్గం, ఈ మగ్గాన్ని చూసి ఆ మగ్గం, ఒకటి వెనుక ఒకటి అన్నీ ఆగిపోయేవి. పాట అయ్యేదాకా దగ్గు వచ్చినవాడు కూడా బయటికి పోయి దగ్గి వచ్చేవాడు.

మా ఇంట్లో రేడియో లేదు, పిల్లలు చెడిపోతారని మా నాయన కొననివ్వలేదు. అందుకని సెలవు దొరికితే మామయ్య ఇంటికి పరుగెత్తేవాణ్ని. కానీ ఆ రేడియో మీట తిప్పే హక్కు మాత్రం మా బావది. నేను వేలు చాపితే చాలు, స్టేషన్ జరుగుతది, చెయ్యి తియ్యి అనేవాడు. ఆ తర్వాత టేప్‌రికార్డర్ ముందు వాళ్లింటికే వచ్చింది, సీడీ ప్లేయరూ వాళ్లింటికే వచ్చింది. మోగే వస్తువేదీ నాకు దక్కలేదు గనుక నేనే మోగడం నేర్చుకున్నాననిపిస్తుంది. కాలేజీ రోజుల నుంచి సంస్కరణ సభల్లో, వాదాల్లో గొంతు చించుకున్నాను. నెక్కొండ దగ్గర ఒక ఊళ్లో గాలిలోంచి విభూది తీసే స్వామిని, ముందు చొక్కా చేతులు పైకి మడిచి తియ్యమని అడిగి, ఆయన శిష్యుల చేత తరిమించుకున్నాను. రుజువు లేనిదే ఏదీ నమ్మరాదని ఇన్నేళ్లూ రాస్తూ వచ్చాను, ఇప్పటికీ రాస్తున్నాను.

అటువంటివాణ్ని హనుమకొండలో మా బావ ఇంటి సోఫాలో కూర్చోబెట్టి, అరచేతిలో పట్టేటంత నల్లపెట్టెను ఆంప్లిఫయర్‌కు తగిలించి, మామయ్య చెయ్యి ఎత్తిన పాటల్లో ఒకటి పెట్టారు. ఏం చెప్పను! గాయని చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం వినిపించింది. తబలా మీద ఏ వేలు పడిందో, ఎంత మెత్తగా పడిందో తెలిసింది. ఇన్నేళ్లుగా ఒకే ముద్దగా విన్న పాటలో ఎవరి చోట వాళ్లు కూర్చున్నట్టు అనిపించింది. నా లోపల ఏదో చిటపటమంది. మా బావ కళ్లు మూసుకుని, మీట తిప్పిన నాటి ముఖంతోనే, “ఏం బామ్మర్ది, కుళ్లుకుంటానవా?” అన్నాడు.

కుళ్లుకుంటున్నాను గనుకనే పరీక్ష పెట్టాలన్నాను. ఏ మాత్రం గట్టిగా మోగినా చెవికి అదే మేలనిపిస్తుంది కాబట్టి ముందు రెండు దారుల్లోనూ శబ్దం సమానంగా ఉండేట్టు సరిచేయించాను. ఒకటి కంప్యూటర్ నుంచి తిన్నగా వచ్చే పాత దారి, ఇంకొకటి డ్యాక్ గుండా వచ్చే కొత్త దారి. ఆంప్లిఫయర్ మీద ఒక మీట తిప్పితే ఇటునుంచి అటు మారుతుంది. మొత్తం సరంజామా మీద మామయ్య నేసిన పాత జంపఖానా కప్పి, మా అక్కను పక్కన కూర్చోబెట్టి, దాని కింద చెయ్యి పెట్టి తోచినప్పుడల్లా మీట తిప్పమన్నాను.

“గీ వయసుల మీ ఇద్దరికి గిదేం లొల్లి తమ్మీ,” అంటూనే కూర్చుంది.

పాట మొదలైంది. జంపఖానా కదిలినప్పుడల్లా మా బావ తీర్పు చెప్పాడు. ఇది కొత్తది, ఇది పాతది, ఆఁ, మళ్లీ కొత్తది. నేను పైకి పెదవి విరిచానే గాని, చెప్పకేం, ప్రతిసారీ నాకూ అట్లాగే వినిపించింది. కొత్తది అన్నప్పుడు ఊపిరి వినిపించింది, పాతది అన్నప్పుడు ముద్దయింది. ఓడిపోయానని, ఈసారి కూడా మంచిది వాళ్లింటికే చేరిందని లోలోపలే ఒప్పుకున్నాను.

పాట అయ్యాక ఏది ఎప్పుడు తిప్పావో చెప్పమన్నాను. అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“నేనేడ తిప్పిన్నయ్యా! అంత మంచి పాట నడుమ గెలుక బుద్ధి గాలే. పాతదాని మీదనే ఉండె. చెయ్యి దురద పెడ్తె గోక్కున్న.”

మా బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లేని మార్పును ఆయన మురిపెంతో విన్నాడు, నేను మంటతో విన్నాను. విభూది స్వామి ముందు కూర్చున్న భక్తులకూ నాకూ తేడా ఏమిటో ఆ క్షణాన చెప్పలేకపోయాను. అయినా ఊరుకుంటే నేనెందుకవుతాను? ఈ పరీక్ష చెల్లదని, దీనివల్ల పెట్టె మంచిదనీ తేలలేదు, చెడ్డదనీ తేలలేదని, అక్క బదులు ఇంకొకరిని కూర్చోబెట్టి మళ్లీ చెయ్యాలని అందుకున్నాను. ఈలోగా ఆయన ఇంకో పాట పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరవకుండా కుడిచెయ్యి పైకెత్తాడు.

అచ్చం మామయ్య చెయ్యే.

ఇప్పుడు కొత్తవాడలో ఆ ఇంట్లో మగ్గాలు లేవు. ఆ రోజుల్లో బరబరమనే ఒక రేడియో కోసం అన్ని చేతులు పని ఆపేవి. ఇప్పుడు గాయని ఊపిరి వినిపించే పెట్టెలు వచ్చాయి గాని, ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే మోగి అక్కడే అయిపోతుంది. అటువంటి పెట్టె కావాలంటే రేపు నేనూ తెచ్చుకోగలను. ఆ చెయ్యిని మాత్రం మామయ్య తన కొడుక్కే ఇచ్చిపోయాడు. దాన్ని చూసి ఆగడానికి నా నోరొక్కటే మిగిలింది.

ఆగాను. పాట బాగుంది. అది ఏ దారిన వస్తున్నదో అడగలేదు.