క్యారవాన్ కింద నాలుగు వేళ్ళ సందు

2022లో, ఈశాన్య రుతుపవనాల వానలు కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ వెనక వీధిలో ఉన్న మా షెడ్డు ముందు ఒక ఇల్లు వచ్చి ఆగింది. ఇల్లు అనే అనాలి. లోపల మంచం, వంటగట్టు, చిన్న బాత్రూము, కిటికీలకు తెరలు అన్నీ ఉన్నాయి. కింద మాత్రం చక్రాలు. ఇలాంటి బండిని బయట మోటర్‌హోమ్ అంటారు. మద్రాసులో సినిమా వాళ్ళ పుణ్యమా అని అందరం క్యారవాన్ అంటాం. నలభై అయిదేళ్ళ కిందట ఓడలోంచి దిగిన పెట్రోలు వ్యాను మీద ఎవరో శ్రద్ధగా కట్టిన ఇల్లది. అప్పటికి నాకు మెకానిక్కుగా ముప్పై రెండేళ్ళ అనుభవం. పాత బండి అంటే రాఘవులు షెడ్డుకే పోవాలని ఎస్టేటులో పేరు. ఆ పేరు చూసుకుని నేను కొంచెం ఎగిరేవాణ్ణి కూడా, దాచడం ఎందుకు.

బండి యజమాని వసంతమ్మ, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆమె అక్క సరస్వతమ్మకు డెబ్బై రెండేళ్ళు, స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేశారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్కకు తుంటి ఎముక రెండుసార్లు విరిగింది. అరగంటకు మించి కూర్చోలేరు, పడుకునే ఉండాలి. కారూ కుదరదు, రైలూ కుదరదు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోలేదు. శ్రీహరికోటలో రాకెట్ వదిలినప్పుడల్లా చెల్లెలు మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపేదట. ఆకాశం అంచున అగ్గిపుల్ల గీసినంత వెలుగు కనబడి పోయేది. "వెలుగు చూసినాను, చప్పుడు ఒక్కసారి వినాల" అని అక్క కోరిక.

వసంతమ్మ ఈ పాత క్యారవాన్ కొన్నది అందుకే. సూళ్ళూరుపేట దాటి పులికాట్ సరస్సు ఒడ్డున ఆగితే రాకెట్ కనబడుతుంది, వినబడుతుంది కూడా. అక్కడిదాకా అక్క మంచం మీద పడుకునే పోవచ్చు. రాకెట్ ప్రయోగం ఇంకో పదిహేను రోజుల్లో ఉంది.

చిక్కల్లా ఒకటే. బయల్దేరిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు బండి దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. అప్పటికే రెండు షెడ్లు తిరిగి మా దగ్గరికి వచ్చింది. పాత యజమాని దగ్గర్నుంచీ ఆ బండినే తోలుతున్న డ్రైవరు ఏళుమలైని అడిగాను, ఈ తకరారు ఎప్పట్నించి అని. అతను తమిళుడు, మాతో మాత్రం తెలుగే మాట్లాడతాడు.

"వానలప్పుడు కవర్ కట్టిపెట్టినాం సార్. అది యాడనో పోయింది. అప్పట్నించే ఇట్ట," అన్నాడు.

నాకు అంతే చాలింది. కవరు పోయింది, బండి వానకు తడిసింది, ఇగ్నిషన్ కాయిల్‌కి తేమ పట్టింది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టడానికి కావలసిన కరెంటును తయారుచేసే డబ్బా అది. ఒకసారి పాడైతే చల్లగా ఉన్నంతసేపు పనిచేసి, వేడెక్కగానే మొరాయిస్తుంది. చల్లారితే మళ్ళీ మామూలే. లక్షణాలన్నీ అతికినట్టు సరిపోయాయి. ఆ బండికి ఇంజను ముందు సీట్ల మధ్య ఒక పెట్టెలో ఉంటుంది. చెయ్యి పెడితే మోచేయి తిరగదు. రెండు రోజులు కష్టపడి కాయిల్, వైర్లు అన్నీ మార్చాను. ఎస్టేటు చుట్టూ ఒక రౌండు కొట్టి, "నిశ్చింతగా పోండమ్మా" అని తాళాలు చేతిలో పెట్టాను.

మర్నాడు అక్కను పడుకోబెట్టుకుని చెల్లెలు ట్రయల్‌కి బయల్దేరింది. రెడ్‌హిల్స్ దాటకుండానే బండి ఆగిపోయింది. ఆ రోజు పది నిమిషాల తర్వాత కూడా కదల్లేదు. ఫోన్ రాగానే బైకు మీద పరిగెత్తాను. నేను చేరేసరికి గంట దాటింది. ఎండకు రేకు పెట్టెలా కాలుతున్న ఆ బండిలో సరస్వతమ్మ చెమటతో తడిసి పడుకుని ఉన్నారు. నన్ను తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు.

"నాయనా, రిపేరు చేసినాక ఎంతసేపు తోలి చూసినావు?"

"పావుగంట, టీచరమ్మా."

"ఇరవై నిమిషాలకి ఆగే బండిని పావుగంట తోలితే ఏం తెలుస్తాది?"

ముప్పై రెండేళ్ళ పేరు ఆ రోడ్డు మీద కరిగిపోయింది. నాదే తప్పమ్మా అన్నాను. వసంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంక చాలక్కా. మన తమ్ముడు పుదుపేటలో పాత ఇనుము వాళ్ళతో మాట్లాడేసినాడు. సోమారం వచ్చి తీసుకుపోతారు," అంది. బండి పుదుపేటకు పోయిందంటే ముక్కలైపోయినట్టే. అక్క నా వంక చూసి, "ఆదివారం దాకా టైముండాది గదా. లెక్క తప్పినోడికి ఇంకో తడవ చేయనిస్తాం గదా మనం," అన్నారు. అది మంగళవారం.

ఈసారి పొగరు పక్కన పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాను. ఇంజను పక్కన ఒక క్యానులో పెట్రోలు పోసి వేలాడదీసి, బండి టాంకుతో సంబంధం లేకుండా గొట్టంతో నేరుగా ఇంజనుకు ఇచ్చాను. స్టార్టు చేసి గడియారం ముందు కూర్చున్నాను. గంట నడిచింది. రెండు గంటలు నడిచింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. అంటే ఇంజను మంచిదే, కాయిల్ మంచిదే, నేను మార్చిపారేసిన పాత కాయిల్ కూడా మంచిదే. జబ్బు పెట్రోలు టాంకులో ఉంది.

టాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, కంప్రెసర్‌తో గాలిని వెనక్కి కొట్టాను. మొదట అడ్డుకుంది, తర్వాత భుస్సుమని పోయింది. పైపు తగిలించి నడిపితే సరిగ్గా ఇరవై రెండు నిమిషాలకు ఆగింది. టాంకు అడుగున ఏదో తేలిగ్గా కదిలే వస్తువు ఉంది. ఇంజను పెట్రోలు పీల్చేకొద్దీ అది జరిగి జరిగి పైపు మూతికి అతుక్కుంటోంది. ఇంజను ఆగితే విడిపోతోంది, రెడ్‌హిల్స్ దగ్గర మాత్రం విడవకుండా అతుక్కునే ఉండిపోయింది. ఇంతవరకూ వచ్చాక నాకు ఆ కవరు మాట గుర్తొచ్చింది. ఏళుమలైకి ఫోన్ చేశాను.

"ఆ రోజు కవర్ పోయిందన్నావే, ఏ కవరయ్యా?"

"పాల కవర్ సార్. టాంకు మూత పోయింది గదా, ఖాళీ పాల కవర్ కట్టి రబ్బర్ బ్యాండ్ ఏసినాం. ఒకరోజు బంకులో చూస్తే కవర్ లేదు. సుమ్మా గాలికి ఎగిరిందనుకున్నాం."

గాలికి కాదు, బంకులో పెట్రోలు కొట్టే గొట్టంతో పాటు లోపలికి పోయింది. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. మా తాత కాలం నుంచి ఈడనే ఉన్నాం. ఇక్కడ పాల ప్యాకెట్టూ కవరే, ప్లాస్టిక్ సంచీ కవరే, ఉత్తరం పెట్టేదీ కవరే. పొద్దున లేస్తే టిఫిన్ కొట్లో "ఇంకో కవర్ ఇయ్యి పా" అనకుండా నాకు రోజు గడవదు. కానీ షెడ్డులో కాలు పెడితే కవరంటే బండి మీద కప్పే టార్పాలినే. ఏళుమలై ఇంటి మాట చెప్పాడు, నేను షెడ్డు మాట విన్నాను. అక్షరం పొల్లుపోకుండా నిజం చెప్పిన మనిషిని పక్కన పెట్టుకుని, ఆ మహాతల్లిని ఎండలో గంటసేపు పడుకోబెట్టాను. ఆ రోజంతా నా మీద నాకే కోపం.

జబ్బు తెలిసింది సరే, చెయ్యి పోవడం ఎలా? పెట్రోలు పోసే గొట్టం రెండు చోట్ల వంగి ఉంది, అందులోంచి ఏ కొక్కెమూ దిగదు. టాంకును దించుదామంటే, దాని కింద నీళ్ళ తొట్టికి వేసిన ఇనప చట్రం వెల్డింగుతో బిగిసి ఉంది. పెట్రోలు టాంకు పక్కన నిప్పు పెట్టి చట్రం కోస్తే మేమే రాకెట్లమవుతాం. పైనుంచి దిగాలంటే టేకు నేల కోయాలి. ఆ నేల మీదే అక్క మంచం, ఆమె పట్టుకునే కమ్మీలు బిగించి ఉన్నాయి. వాటిని విప్పి మళ్ళీ బిగించేలోగా రాకెట్ వెళ్ళిపోతుంది. మిగిలింది ఒకటే దారి. టాంకు పైన సెండర్ యూనిట్ ఉంటుంది, అంటే పెట్రోలు ఎంత ఉందో మీటరు ముల్లుకు చెప్పే భాగం. అయిదు స్క్రూలు విప్పి దాన్ని తీస్తే టాంకుకు గుప్పెడంత కంత పడుతుంది. కానీ టాంకుకూ నేలకూ మధ్య సందు నాలుగు వేళ్ళు. వెనక చక్రం విప్పి, రేకు తీసి, ఆ పక్కనుంచి చెయ్యి దూర్చాలి. స్క్రూలు కంటికి కనబడవు.

రాయపురం నుంచి దానియేలుకు కబురుపెట్టాను. చేపల బోట్ల ఇంజన్లు చేసే మనిషి, నా ఈడువాడే, సన్నగా పొడుగ్గా ఉంటాడు. బోటు అడుగున వంగడానికి చోటుండదు, వెలుగుండదు. వాళ్ళంతా తడిమే పనిచేస్తారు. వస్తూనే ఒక అలవాటు నేర్పాడు. చేతిలో ఏ పనిముట్టు పట్టుకున్నా దానికి నైలాను దారం కట్టి మణికట్టుకు ముడేస్తాడు. బోటులో జారితే దొరకదు కాబట్టి వాళ్ళకది ఆచారం. ఇక్కడ జారితే నేరుగా టాంకులోనే పడుతుంది.

బండిని ఆరుబయట నిలబెట్టి, పెట్రోలంతా దించి, దగ్గర్లో కరెంటన్నది లేకుండా చూసుకున్నాం. నిప్పురవ్వ రాకూడదని ఇత్తడి కడ్డీని ఎల్ ఆకారంలో వంచి, కొస అరగదీసి స్క్రూడ్రైవర్ చేశాం. రెండు వంగిపోయాయి, మూడోది నిలిచింది. తుప్పు వదిలే నూనె ఒక రోజంతా నాననిచ్చాం. శుక్రవారం దానియేలు పక్కకి తిరిగి పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లెందుకు మూసినావు?"

"తెరిస్తే చెయ్యి యాడ పోతాందో చూడాలనిపిస్తాదన్నా. చూసేదానికి ఆడ ఏముంది?"

ఒక్కో తిప్పుకు స్క్రూ జొన్నగింజంత కదులుతుంది. నాలుగు స్క్రూలకు ఆ రోజంతా పట్టింది. అయిదోది అవతలి మూల ఉంది, అతని చేతికి అందలేదు. అటువైపు చక్రం విప్పి చూస్తే, ఆ సందులో ఎడమ చెయ్యి మాత్రమే తిరుగుతుంది. దానియేలు ఎడమ చేతికి అంత పట్టు లేదు. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ దీనికోసం వేళ్ళ మీద స్పానరుతో కొట్టేవాడు. అదే చేతికి సబ్బు రాసుకుని శనివారం పొద్దున దూర్చాను. తోలు గీరుకుపోయింది. నేను కూడా కళ్ళు మూసుకున్నాను. అప్పుడే స్క్రూ తల మీది గాడి వేలికి తెలిసింది. పదకొండు గంటలకు ఆ స్క్రూ ఊడి నా అరచేతిలో పడింది. అంత చిన్న వస్తువును అంత గట్టిగా నేనెప్పుడూ పట్టుకోలేదు.

సెండర్ యూనిట్‌ని పక్కకు జరిపి, కొస వంచిన ఇత్తడి తీగ లోపలికి దింపాను. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి ఏదో మెత్తగా తగిలి జారింది. మూడోసారి తీగను మెల్లగా తిప్పుతూ పైకి లాగాను. బయటికి వచ్చింది అరలీటరు పాల కవరు. రంగు వెలిసి, ముడుచుకుపోయి, పెట్రోలుకు ఉబ్బిన రబ్బర్ బ్యాండుతో సహా వచ్చింది. పక్క షెడ్ల వాళ్ళంతా చుట్టూ మూగారు. దానియేలు ఆ కవరును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "రొంబ పెద్ద చేపే పడిందన్నా," అన్నాడు. నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

కొత్త వాషరు కోసి, పాత స్క్రూల బదులు స్పానరుతో పట్టే బోల్టులు వేశాం, రేపు ఇంకెవరికైనా ఈ బాధ తప్పాలని. లేతు మిషను మీద టాంకుకు ఇత్తడి మూత చేయించాను. ఆదివారం నేనే తోలాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద పోయి వచ్చి, మళ్ళీ పోయి వచ్చి, నాలుగు గంటలు ఆపకుండా తిప్పాను. వసంతమ్మకు ఫోన్ చేసి ఎన్ని నిమిషాలు నడిచిందో మాత్రం చెప్పాను. పోండి అని నేను అనలేదు. అక్కే అన్నారట, పోదామని.

ప్రయోగం రోజు స్టీరింగు నేనే పట్టుకున్నాను. రెడ్‌హిల్స్ దాటాం. ఇరవై అయిదో నిమిషంలో గడియారం చూసుకున్నాను. ఇంజను పాట మార్చలేదు. గుమ్మిడిపూండి దాటాం. సరస్సు ఒడ్డున జనం మధ్య బండిని ఆపి, మంచం పక్కన కిటికీ పూర్తిగా తెరిచాం. నీళ్ళకు అవతల వెలుగు లేచింది. అందరూ కేకలు వేస్తున్నారు. సరస్వతమ్మ మాత్రం పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతున్నారు. యాభై దాటాక వచ్చింది ఆ చప్పుడు. ముందు నేల వణికింది, తర్వాత బండి అద్దాలు, తర్వాత మా ఛాతీలు. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, "చప్పుడు మూడు సెకన్లకి ఒక కిలోమీటరు పోతాది. పద్దెనిమిది కిలోమీటర్లు వసంతా. మనం దానికి పద్దెనిమిది కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసినాం," అన్నారు. నేను అటు తిరిగి ఏడ్చేశాను. సంతోషంతోనే.

ఆ కేసు తర్వాత మా షెడ్డులో రెండు అలవాట్లు మారాయి. వచ్చినవాళ్ళు ఏ మాట చెప్పినా, ఆ వస్తువును చేత్తో చూపించమంటాను. బండి ఎంతసేపటికి ఆగుతుందని వాళ్ళు చెబితే, దానికి నాలుగింతలు నేను తోలి చూస్తాను. ఇవి నాకు నేర్పింది నా వృత్తి కాదు, ఎండలో చెమటతో తడిసి పడుకున్న ఒక లెక్కల టీచరు.

తిరిగి వస్తుంటే వెనక మంచం మీదనుంచి ఆమె అడిగారు. "నాయనా, ఈ బండి కన్యాకుమారి దాకా పోతాదా?"

"నాకు నాలుగు రోజులియ్యండి టీచరమ్మా. ముందు నేను పోయొచ్చి చెప్తా."

"నూటికి నూరు," అన్నారు సరస్వతమ్మ.